రెండు కన్నుల నడిమి దూరము

“ఒక కన్ను కన్ను గాదు, ఒక బిడ్డ బిడ్డ గాదు” అను సామెతలోని పూర్వార్ధమునకు శాస్త్రీయమైన ఉపపత్తి 1838వ సంవత్సరము వరకు లోకమునకు దొరకలేదు. ఆ యేట చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్లేయ పండితుడు లండనులోని రాయల్ సొసైటీకి నివేదించిన వ్యాసములో, మానవుని నేత్రములు రెండున్నర అంగుళముల యెడముగా నుండుటచేత ఒక్కొక్కటియు వస్తువును ఇంచుక భిన్నమైన కోణము నుండి చూచుచున్నదనియు, ఆ రెండు ప్రతిబింబముల భేదమునే మనస్సు సంధానించి లోతుగా గ్రహించుచున్నదనియు నిరూపించి, అద్దములతో గూర్చిన స్టీరియోస్కోపు అను యంత్రమును చూపెను. ఆ యెడమునే నేడు కళ్లద్దాల దుకాణమువారు పీడీ అనియు, హెడ్‌సెట్టు తగిలించుకొని ఆటలాడు యువకులు ఐపీడీ అనియు వ్యవహరింతురు. పెద్దవారిలో దాని సగటు 63 మిల్లీమీటర్లు. 50 మొదలు 75 వరకు మనుష్యులను బట్టి మారుచుండును. ఈ కొద్ది మిల్లీమీటర్ల చరిత్రలో, వేలూరనబడు రాయవేలూరునకును దాని చేరువ గుడియాత్తమునకును చోటు కలదని నా విశ్వాసము.

వీట్‌స్టన్ యంత్రము పండితుల బల్లపైనే నిలిచిపోగా, దానిని గృహస్థుల చేతికి చేర్చినవాడు స్కాట్లండు దేశీయుడైన డేవిడ్ బ్రూస్టర్. 1849లో అతడు కటకములతో కల్పించిన చిన్న పెట్టె, 1851 నాటి లండను మహాప్రదర్శనమున విక్టోరియా రాణి మెప్పు పొంది, ఐరోపా అంతటను విశేషముగా అమ్ముడుపోయెను. మద్రాసు రాజధానికి ఆ విద్య వచ్చుటకు ఎన్నో యేండ్లు పట్టలేదు. ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైన లిన్నేయస్ ట్రైప్ 1858లో మధుర, తిరుచిరాపల్లి, తంజావూరు ప్రాంతముల జంటచిత్రములను తీసి సంపుటములుగా వెలయించెను. మద్రాసు మ్యూజియములోని అమరావతి శిల్పఫలకములు లండనుకు తరలిపోవుటకు ముందే వానిని ఛాయాచిత్రములలో పట్టి యుంచినందులకు తెలుగువారము అతనికి ఋణపడి యున్నాము. అవి జంటచిత్రములు గాకపోవుట మాత్రము నాకు నేటికిని కొరతగానే తోచును, ఏలయన ఆ శిల్పముల లోతును ఒంటిచిత్రము చెప్పజాలదు. 1861లో అమెరికా వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ మరింత చవుకయైన యంత్రమును రూపొందించెను. అట్టపై జంటచిత్రములు కన్నులకంటె ఎక్కువ యెడముగా నుండుటచేత, పట్టకమువలె పనిచేయు కటకములనమర్చి చూపును మళ్లించెను. అయినను ఆ కటకముల నడిమి దూరము మాత్రము రాణికిని రైతునకును ఒక్కటే.

ఇక రాయవేలూరు అనగనే మనకు అరవీటి రాయల రాజధానియు, జలకంఠేశ్వరాలయమును, 1806 నాటి సిపాయిల తిరుగుబాటును జ్ఞప్తికి వచ్చును. కాని ఇరువదవ శతాబ్దమున ఆ పట్టణమునకు కీర్తి తెచ్చినది వైద్యము. రాణిపేటలో జన్మించి అమెరికాలో వైద్యము చదివి వచ్చిన ఐడా స్కడ్డర్ 1902లో, న్యూయార్కు ధనికుడొకడు తన దివంగత భార్య పేర ఇచ్చిన విరాళముతో, నలుబది పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రిని నెలకొల్పెను. అదియే నేడు క్రైస్తవ వైద్యకళాశాలవారి నేత్రచికిత్సాలయము. ఆసుపత్రికి రాలేని గ్రామస్థులకొరకు ఆమె వారమున కొకమారు వేలూరు నుండి గుడియాత్తము వరకు దారి పొడుగునను చెట్లక్రింద ఆగి చికిత్స చేయుచు పోవుచుండెడిది. 1911లో చిత్తూరు మండలము వేరుపడు వరకు ఉత్తరార్కాటులో ఒక్కటిగా నున్న ఆ సీమయందు తెలుగు వినబడని బాట లేదు. అట్లే ఆ చెట్ల నీడకు చేరినవారిలో పుండుపడిన కన్నులవారికిని కొదువ లేదు. తరువాత 1940ల చివర వేలూరు నేత్రవిభాగమునకు వచ్చిన విక్టర్ రాంబో, శస్త్రచికిత్సనే పల్లెకు కొనిపోవు కంటి శిబిరముల పద్ధతిని అచట ప్రబలింపజేసెను.

శిబిరముల నాటి చికిత్సలో కన్నుల నడిమి దూరము ఎంత ప్రధానమో తెలిసికొనుటకు ఆనాటి కళ్లద్దములను స్మరింపవలెను. శుక్లము తీసిన కంటిలో మరల కటకమును అమర్చు విద్యను హెరాల్డ్ రిడ్లీ 1949లో లండనున ఆరంభించినను, అది మన పల్లెలకు చేరుటకు దశాబ్దములు పట్టెను. అంతవరకు శుక్లము తీయించుకొన్న వృద్ధునకు ఆధారము సీసా అడుగువంటి దళసరి అద్దములే. వాని బలము పది డయాప్టరుల ప్రాంతము. అట్టి కటకపు కేంద్రము కనుపాపకు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, మీటరు దూరమునందలి వస్తువు ఒక సెంటీమీటరు తొలగి కనబడును. రెండు కన్నులకును రెండేసి మిల్లీమీటర్లు తప్పినచో కన్నులు ఆ లోటును పూరించుటకు అనుక్షణమును శ్రమపడి, తలనొప్పిని, ద్విదృష్టిని తెచ్చుకొనును. దేశమునందలి శిబిరములలో ఒకే కొలతతో సిద్ధముగానున్న అద్దములను పంచుట వాడుకయై యుండెను. చీకటిలోనున్న వానికి వెలుగు దొరకుటయే మహాభాగ్యమైనందున దానిని నేను తప్పుపట్టజాలను. ఐనను గుడియాత్తములో లుంగీలు నేయు సాలెవాడు తెగిన పడుగుపోగును వెదకి ముడివేయవలెనన్నచో అతనికి వెలుగుతోపాటు లోతును కావలెను గదా. ఒక్క కంటికే శస్త్రచికిత్సయైనచో మరింత చిక్కు: ఆ అద్దములో వస్తువు నాలుగవవంతు పెద్దదిగా కనబడుటచేత, మనస్సు రెండు ప్రతిబింబములను కలుపలేక ఒకదానిని విడిచిపెట్టును. అట్టివాడు ఒంటికన్నువాని లోకముననే మెలగవలసి వచ్చును. సామెత ఈ దుఃఖము నెరిగినదే.

ఆ అద్దములకు భిన్నముగా, మెల్లకన్నుల చికిత్సకై ఏర్పడిన సైనాప్టోఫోరు అను యంత్రమునకు ఆదినుండియు కన్నుల దూరమును సరిచేయు కొలత యుండెను. వైద్యుడు మొదట దానిని సవరించిగాని పరీక్షకు పూనుకొనడు. ఆటయంత్రములు ఆ వివేకమును మెల్లమెల్లగా నేర్చినవి, నడుమ మరచినవి కూడ. ఐవన్ సదర్లండ్ 1968లో తలకు తగిలించు దృశ్యయంత్రమును నిర్మించెను. 1995లో నింటెండో వెలువరించిన వర్చువల్ బాయ్ వ్యాపారమున విఫలమైనను, దానిపై కన్నుల దూరమును సవరించు మరయొకటి యుండుట గమనింపదగినది. 2016 నాటి ఆక్యులస్ రిఫ్టులో 58 నుండి 72 వరకు జరుపు వీలుండెను. కాని 2019లో వచ్చిన రిఫ్ట్ ఎస్‌లో కటకములను ఒకేచోట బిగించి, తేడాను సాఫ్ట్‌వేరుకు వదలివేసిరి. ఆక్యులస్ సంస్థాపకుడైన పామర్ లకీయే, తన కన్నుల దూరము 70కి ఇంచుక తక్కువయని చెప్పి, ఆ యంత్రము తనకు పనికిరాదని వ్రాసెను. మరుసటి యేటి క్వెస్ట్ 2లో 58, 63, 68 అని మూడు మెట్లు పెట్టిరి; 2023లో క్వెస్ట్ 3కు చక్రమును అమర్చిరి.

ఈ సవరణ చూపు స్పష్టతకొరకే కాదు. కటకమధ్యమునకు దూరమైన కన్ను మసకను, వంకరలను చూచుట యొకటి. యంత్రము చిత్రించు రెండు దృశ్యముల యెడము ఆటగాని కన్నుల యెడముకంటె అధికమైనచో లోకమంతయు చిన్నదై, తక్కువైనచో పెద్దదై తోచుట మరియొకటి. బీట్ సేబర్ ఆటలో తనపైకి వచ్చు ఘనములను లయకు తగినట్లు ఖడ్గముతో కొట్టువానికి ఈ భ్రమ చేతివాటమును చెరుపును. 1984లో ఇంజనీరింగు కళాశాలగా వెలసి నేడు విశ్వవిద్యాలయమైన వేలూరు వి.ఐ.టి.లో చదువు తెలుగు యువకులు నేటి ఆటగాండ్ర తరమువారే. ఈ చిక్కు వారికే పరిమితము గాదు. 2023లో మెటా సంస్థ తన హెడ్‌సెట్టులను పదేండ్ల పిల్లలకును అనుమతించినది; ఆ ప్రాయమున కన్నుల దూరము తరచుగా 60కి లోపే యుండును. గంటల లెక్కన హెడ్‌సెట్టు అద్దెకిచ్చు ఆటశాలలలో, కళ్లద్దాల దుకాణమువారివలెనే ముందుగా కొలబద్దను ముక్కుపై నిలిపి, పీడీ వ్రాసికొని, యంత్రమును దానికి సరిచేసి ఇచ్చు ఏర్పాటు తప్పక యుండవలెనని నేను కోరుచున్నాను. అందుకు పట్టునది అరనిమిషమే.