కన్నంలోకి చాచిన చెయ్యి: ఇల్లు చొరబడడం నేరమైన క్రమం

దొంగలు పడ్డారని తెలియగానే ఎవరైనా అడిగేది ఎంత పోయిందనే. ఎన్ని తులాల బంగారం, ఎంత నగదు అన్నదే మరునాటి వార్తకు శీర్షిక అవుతుంది. నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం చుట్టూ పెరిగిన కాలనీల్లో, భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్ నగరానికి ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లకు పగలంతా తాళమే కాపలా. అలాంటి ఇంటి తలుపు పగిలినా బీరువా భద్రంగా ఉంటే ‘ఏమీ పోలేదు, అదే పదివేలు’ అని సరిపెట్టుకోవడం మామూలే. చట్టం లెక్క వేరు. సొమ్ము పోవడం ఒక నేరం, ఇల్లు చొరబడడం మరొక నేరం. మొదటిది జరగకపోయినా రెండోది జరిగినట్టే. ఈ తేడా తేలడానికి శతాబ్దాలు పట్టింది. ఆ క్రమం తెలిస్తేనే ఈనాటి సెక్షన్లు ఎందుకు అలా ఉన్నాయో బోధపడుతుంది.

మన ప్రాచీన గ్రంథాల్లో కన్నానికి పెద్ద చరిత్రే ఉంది. రాత్రివేళ గోడకు కన్నం వేసి దొంగిలించినవాడి చేతులు నరికి కొరత వేయించాలని మనుస్మృతి రాజుకు చెబుతుంది. కన్నం లోపలి నుంచి పడిందా, బయటి నుంచి పడిందా చూసి ఇంటిదొంగను పసిగట్టమంటుంది అర్థశాస్త్రం. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి కన్నాన్ని ఏ ఆకారంలో తవ్వాలా అని ఆలోచిస్తాడు, కొలతకు తాడు లేక జంధ్యమే వాడుకుంటాడు. తెలుగులో తొలి ధర్మశాస్త్ర గ్రంథంగా పేరొందిన విజ్ఞానేశ్వరీయాన్ని 13వ శతాబ్దంలో రాసిన కేతనే, ఇళ్లకు కన్నాలు వేసే అపహారవర్మ కథ ఉన్న దశకుమార చరిత్రను కూడా తెలుగు చేశాడు. అయితే మనువు చెప్పిన శిక్షలో కన్నం, రాత్రి, దొంగతనం మూడూ కలిసే ఉన్నాయి. గోడ తవ్వడం దొంగతనాన్ని ఘోరం చేసే సంగతే తప్ప, దానంతట అది వేరే నేరంగా ఇంకా నిలబడలేదు.

మొగలుల కాలం నుంచి ఈస్టిండియా కంపెనీ కోర్టుల దాకా నడిచిన, ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో ఒక శాఖ అయిన హనఫీ న్యాయం మరో అడుగు వేసింది. భద్రపరిచిన చోటు నుంచి సొమ్ము తీస్తేనే చెయ్యి నరికే శిక్ష వర్తిస్తుంది. అంటే సొమ్ముతో పాటు దాని చుట్టూ ఉన్న రక్షణకూ విలువ కట్టినట్టే. కానీ గోడకు కన్నం వేసి, తాను బయటే ఉండి, చెయ్యి మాత్రం లోపలికి చాచి వస్తువు లాక్కుంటే? మనిషి లోపలికి రాలేదు కనుక ఆ శిక్ష పడదన్నది హనఫీల్లో బలమైన అభిప్రాయం. ఆ శాఖ పండితుడే అయిన అబూ యూసుఫ్ దీనితో ఏకీభవించలేదు. ఇంగ్లండ్ న్యాయం మాత్రం శరీరంలో ఏ కాస్త భాగం లోపలికి వచ్చినా ప్రవేశమేనంది. దొంగతనం వంటి పెద్ద నేరం చేసే ఉద్దేశంతో రాత్రివేళ పరుల నివాసం బద్దలుకొట్టి లోపలికి వస్తే చాలు, ఏమీ ఎత్తుకుపోకపోయినా మరణశిక్షకు తగిన నేరమంది. రాత్రి అంటే ఏమిటో 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ వివరించాడు: పగటి వెలుతురులో ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టగలిగితే అది రాత్రి కాదు, వెన్నెల వెలుతురు లెక్కలోకి రాదు.

మెకాలే బృందం 1837లో ముసాయిదా సిద్ధం చేయగా, 1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతి ఈ పాయలన్నిటినీ ఒక కట్టలోకి తెచ్చింది. నేరపూరిత ప్రవేశం, ఇంట్లోకి ప్రవేశం, దొంగచాటు ప్రవేశం, ఇల్లు బద్దలుకొట్టడం అని మెట్లు కట్టింది. రాత్రిని ముఖం గుర్తుపట్టడంతో కాక సూర్యాస్తమయం, సూర్యోదయాలతో కొలిచింది. 445వ సెక్షన్ ఇల్లు బద్దలుకొట్టే ఆరు పద్ధతులు చెప్పి, వాటికి ఉదాహరణలు ఇచ్చింది. గోడకు కన్నం వేసి అందులో చెయ్యి పెట్టడమే మొదటి ఉదాహరణ. పాత చర్చకు అక్కడితో తెర పడింది. ఇంకో ఉదాహరణలో ఇంటాయన పోగొట్టుకున్న తాళంచెవి దొరికినవాడు దానితోనే తలుపు తీసి లోపలికి వస్తాడు. అదీ ఇల్లు బద్దలుకొట్టడమే. పూలకుండీ కింద దాచిన తాళంచెవితో దొంగ తలుపు తీస్తే ‘తాళం పగలలేదుగా’ అనుకునేవారు గమనించాల్సింది ఇదే. చట్టం చూసేది తాళం విరిగిందా లేదా అని కాదు, ఎవరిని బయట ఉంచాలో నిర్ణయించే ఇంటివాళ్ల హక్కును కాలరాశాడా లేదా అని.

ఈ స్మృతి కోస్తాంధ్రకు 1862లోనే వచ్చినా, నిజాం రాజ్యంలో భాగమైన ఇబ్రహీంపట్నానికి హైదరాబాద్ సొంత శిక్షాస్మృతి వర్తించేది. 1951లో పార్లమెంటు చేసిన చట్టంతో భారత శిక్షాస్మృతి ఇక్కడికీ వచ్చింది.  2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలవుతోంది. నిర్వచనాలు 329, 330 సెక్షన్లలో, శిక్షలు 331లో ఉన్నాయి. దొంగతనం ఉద్దేశంతో పగలు ఇల్లు బద్దలుకొడితే 10 ఏళ్ల దాకా, రాత్రయితే 14 ఏళ్ల దాకా జైలు. ఇంట్లో దొంగతనానికి 305వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష 7 ఏళ్లే. ఏ గాయం పెద్దదని చట్టం అనుకుంటోందో ఈ అంకెలే చెబుతాయి.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు భయపడేదెవరు, అది ఉత్త దొంగతనమే కదా అని ఒక అభ్యంతరం. భయమే ఈ నేరానికి మూలమైతే ఆ మాట చెల్లేది. కానీ గుడులూ, సొమ్ము భద్రపరిచే కట్టడాలూ ఈ నిర్వచనంలో ఉన్నాయి. తాళం వేసిన గుడిలో, గోదాములో రాత్రి భయపడేవారు లేకున్నా నేరం నేరమే. రెండో అభ్యంతరం రాత్రి గురించి. ఇంగ్లండ్ 1968 చట్టంతో ఆ షరతును వదిలేసింది, మనకెందుకని అడగవచ్చు. మన దగ్గర రాత్రి లేకపోయినా నేరం నిలుస్తుంది, రాత్రి దాని తీవ్రతను పెంచుతుందంతే. పైగా చీకట్లో ఇల్లు బద్దలుకొట్టేవాడిని ఎదుర్కొంటూ, అవసరమైతే ప్రాణం తీసేదాకా పోయే ఆత్మరక్షణ హక్కును న్యాయ సంహిత 41వ సెక్షన్ ఇస్తోంది. అంత పెద్ద హక్కుకు హద్దు గీయాలంటే సూర్యాస్తమయం వంటి స్పష్టమైన గీత ఉండాల్సిందే.

మూడో అభ్యంతరం బరువైనది. ఈ నేరం పేరుతోనే కొన్ని కులాల మీద పుట్టుకతో దొంగలనే ముద్ర పడింది. 1871తో మొదలైన నేరస్థ జాతుల చట్టాల నీడలో, ఎరుకల కుటుంబాలను ఉంచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు బాపట్ల దగ్గర వెలిసింది. ఆ చట్టాలు 1952 నాటికి రద్దయినా ఆ కుటుంబాల మీద అనుమానం చాలాకాలం వదలలేదు. అయితే ఆ అన్యాయం ఈ నిర్వచనంలోంచి పుట్టలేదు, దాన్ని పక్కన పెట్టడంలోంచి పుట్టింది. ఎలా వచ్చాడు, ఏ ఉద్దేశంతో వచ్చాడు అని చట్టం అడుగుతుంటే, ఎవరి బిడ్డ అని అడిగారు.

అందుకే ఫిర్యాదులో పోయిన సొమ్ము జాబితాతో పాటు, దొంగ ఏ దారిన, ఏ వేళ, ఏం తెరిచి వచ్చాడో కూడా రాయాలి. ఏమీ పోకపోయినా ఫిర్యాదు చేయాలి. దారి, ఉద్దేశం రుజువైతేనే 331 కింద కేసు నిలబడుతుంది, వేళను బట్టి దాని తీవ్రత తేలుతుంది. అవి నమోదు కాకపోతే ఇల్లు చొరబడిన నేరం మరుగునపడి, దొంగతనం ఒక్కటే మిగులుతుంది.