లినక్స్‌లో అమరికలు: చేతిరాతా, సులభ ఉపకరణమా?

విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11కు తగిన హార్డ్‌వేర్ లేని పాత కంప్యూటర్లు ఇళ్లలో, పాఠశాలల్లో, చిన్న కార్యాలయాల్లో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాటిని మూలన పడేయకుండా వాడుకునేందుకు ఉన్న మార్గాల్లో ఉచితంగా లభించే లినక్స్ ఒకటి. అయితే లినక్స్ అంటే నల్లని తెరపై ఆదేశాలు టైపు చేయక తప్పదన్న జంకు చాలామందిలో ఉంది. ఏ పనికి సులభ ఉపకరణం సరిపోతుంది, ఏ పనికి చేతిరాత అవసరమవుతుంది అన్నది పరిశీలిద్దాం.

రెండు పద్ధతులు

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నల్ ఒక్కటే ఉంటే సామాన్య వాడుకరికి ప్రయోజనం లేదు. దానికి అవసరమైన ప్రోగ్రాములను, ఇన్‌స్టాలర్‌ను చేర్చి అందించే సంపుటిని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో మొదలై నేటికీ కొనసాగుతున్న స్లాక్‌వేర్, డెబియన్ వీటిలో తొలితరానికి చెందినవి.

లినక్స్ వ్యవస్థ అమరికల్లో అధికభాగం 'ఈటీసీ' అనే డైరెక్టరీలో సాదా అక్షర ఫైళ్లుగా ఉంటాయి. ఆ ఫైలును ఎడిటర్‌లో తెరిచి వరుసలు మార్చడం చేతి పద్ధతి. బొత్తాలు, జాబితాలు చూపి, మన ఎంపికను తానే ఫైలులో రాసిపెట్టే ప్రోగ్రాము సులభ ఉపకరణం. చాలా సందర్భాల్లో రెండు దారులూ చేరేది ఒకే ఫైలుకు.

మారిన కాలం

1990లలో తెరపై బొమ్మ కనిపించాలంటే మానిటర్ ఎంత వేగంతో తెరను తిరగరాస్తుందో ఆ అంకెలను వాడుకరే ఫైలులో నింపవలసి వచ్చేది. తప్పు అంకెలు ఇస్తే ఆనాటి గాజుగొట్టం మానిటర్ దెబ్బతినవచ్చని సూచన పత్రాలు హెచ్చరించేవి. ఆ భారాన్ని తగ్గించడానికి సూసే సంస్థ 'యాస్ట్' అనే అమరికల ఉపకరణాన్ని ఇచ్చింది. 1998లో వచ్చిన మాండ్రేక్ సులభ స్థాపననే తన ప్రత్యేకతగా చూపుకుంది. 2000లో వెలువడిన నాపిక్స్, హార్డ్‌డిస్క్‌ను తాకకుండా సీడీ నుంచే నడుస్తూ పరికరాలను తానే గుర్తించింది. 2004 అక్టోబరులో ఉబుంటు తొలి విడుదల వచ్చింది. చేతి పద్ధతికి పేరుపడిన ఆర్చ్ లినక్స్ సైతం 2021లో తన స్థాపన ప్రతిలో మార్గదర్శక ఇన్‌స్టాలర్‌ను చేర్చింది.

తెలుగు వాడుకరికి ఏమి మారింది

రెండు దశాబ్దాల క్రితం లినక్స్‌లో తెలుగు రాయాలంటే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన వంటి ఖతులను తెచ్చి తగిన డైరెక్టరీలో ఉంచాలి. ఖతుల జాబితాను తాజా చేయాలి. కీబోర్డు అమరికను ఆదేశంతో మార్చాలి. ఈ ఇబ్బందిని తొలగించే దిశగా హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేపట్టింది. సీ-డాక్ రూపొందించిన 'బాస్' లినక్స్ 2007 నుంచి భారతీయ భాషలకు తోడ్పాటు అందిస్తోంది. ఈ రోజు ప్రధాన డిస్ట్రిబ్యూషన్లలో సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో తెలుగును ఎంచుకుంటే చాలు.

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాల్లో నివసించే తెలుగువారికి ఇందులో మరో సౌలభ్యం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ లిపులన్నిటికీ అక్షరాల స్థానాలు దాదాపు ఒకటే. కార్యాలయంలో ఇన్‌స్క్రిప్ట్‌లో హిందీ టైపు చేసే ఉద్యోగికి హిందీ 'క' ఉన్న మీట మీదనే తెలుగు 'క' కూడా దొరుకుతుంది. ఇంటికి వచ్చి తెలుగులో ఉత్తరం రాయడానికి వేళ్లకు కొత్త పాఠం అక్కరలేదు. రోమను అక్షరాలతో టైపు చేసేవారికి ఐబస్ ద్వారా ఆర్‌టీఎస్ పద్ధతి అందుబాటులో ఉంది.

ఎక్కడ ఏది మేలు

ఉపకరణం సమయాన్ని ఆదా చేస్తుంది, అక్షరదోషాలకు చోటివ్వదు. చేతి పద్ధతిలో ఒక్క వరుస తప్పినా ఇబ్బందే. డిస్కుల వివరాలుండే 'ఎఫ్‌స్టాబ్' ఫైలులో పొరపాటు జరిగితే కంప్యూటరు మామూలుగా మొదలుకాకుండా అత్యవసర స్థితిలో ఆగిపోవచ్చు. నిర్వాహక అధికారాలను నిర్ణయించే 'సుడోయర్స్' ఫైలు చెడితే ఆ అధికారాలే అందకుండా పోవచ్చు. అందుకే దానిని 'వైసుడో' అనే ఉపకరణంతోనే మార్చాలి. రాసేది మనమే అయినా, భద్రపరిచే ముందు దోషాలను అది తనిఖీ చేస్తుంది.

చేతి పద్ధతి బలం వేరు. ఏమి మారిందో కంటికి కనిపిస్తుంది. పక్కనే వివరణ రాసుకోవచ్చు. అదే ఫైలును ప్రయోగశాలలోని నలభై కంప్యూటర్లకు నకలు చేయవచ్చు. తెర లేని సర్వర్‌ను దూరం నుంచే సరిచేయవచ్చు. బొమ్మల తెర మొరాయించిన రోజున ఉపకరణం కూడా తెరుచుకోదు; అప్పుడు ఆదుకునేది ఆదేశాల పరిచయమే.

రెండు పద్ధతులనూ ఒకే ఫైలుపై కలిపితే చిక్కు వస్తుంది. ఇంటర్నెట్ చిరునామాలను వెతికే సర్వర్ల ఐపీ అంకెలుండే 'రిజాల్వ్' ఫైలును చాలా వ్యవస్థల్లో నెట్‌వర్క్ ఉపకరణమే తయారుచేస్తుంది. దానిని చేత్తో మార్చినవారు మరుసటి రోజు తమ మార్పు మాయమైందని ఆశ్చర్యపోతుంటారు. ఫైలు తలభాగంలో ఉండే హెచ్చరికను ముందే చదివితే ఆ శ్రమ తప్పుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

• స్థాపనకు ముందు ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి. మొత్తం డిస్కును తుడిచివేసే ఎంపిక సులభ ఇన్‌స్టాలర్లలో ఒక్క నొక్కు దూరంలోనే ఉంటుంది.

• ముందుగా పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, ధ్వని, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూడాలి.

• ఫైలును మార్చే ముందు దాని నకలు వేరే పేరుతో ఉంచాలి. ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి.

• అర్థం కాని ఆదేశాన్ని ఎక్కడి నుంచో తెచ్చి నిర్వాహక అధికారంతో నడపరాదు. 'మ్యాన్' ఆదేశంతో దాని వివరణను ముందు చదవాలి.

ఇంటి అవసరాలకు ఉపకరణాలతో మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. అయితే ఆ ఉపకరణం ఏ ఫైలును మారుస్తున్నదో ఒకటి రెండుసార్లు తెరిచి చూసినవారికి, కంప్యూటరు మొరాయించిన రోజున బాగుచేసేవారి కోసం పొరుగూరికి మోసుకుపోవలసిన అవసరం తగ్గుతుంది.