తామ్రలిప్తి రేవు, సూది వైద్యం, పెద్దల మలబద్ధకం

ఖరగ్‌పూర్ నుంచి పాంశకుడా వెళ్లి బండి మారితే తమ్లుక్ వస్తుంది. అదే ప్రాచీన తామ్రలిప్తి. చైనా భిక్షువు ఇత్సింగ్ క్రీ.శ. 673లో ఓడ దిగింది ఆ రేవులోనే. అక్కడే సంస్కృతం నేర్చుకుని నలందకు వెళ్లాడు. జబ్బు చేస్తే ముందు ఉపవాసం ఉండాలన్న మన దేశపు పద్ధతిని తన గ్రంథంలో ఎంతో మెచ్చుకున్నాడు. అయితే సూదులు గుచ్చడంలో, వాత పెట్టడంలో, నాడి చూడడంలో మాత్రం జంబూద్వీపంలో ఏ దేశమూ చైనాను మించలేదని అదే గ్రంథంలో రాశాడు.

మలబద్ధకం మాట ఎత్తడానికి మన ఇళ్లలో పెద్దలు సిగ్గుపడతారు. వినయ పిటకానికి ఆ సిగ్గు లేదు. కడుపు కదలక బాధపడే ఒక భిక్ఖువుకు క్షారజలం తాగడానికి బుద్ధ భగవానుడు అనుమతించిన సంగతి మహావగ్గంలో ఉంది. భగవానుని శరీరంలోనే దోషాలు పేరుకున్నప్పుడు జీవకుడు ఘాటైన మందు ఇవ్వలేదు. ముందు కొన్నాళ్లు ఒంటికి నూనె పట్టించి, ఆ తర్వాత మందు పట్టించిన మూడు గుప్పిళ్ల కలువలు వాసన చూపించాడు. ముప్పై విరేచనాలయ్యాయని లెక్కతో సహా రాసిపెట్టారు.

ఆ పాలి కథలో సూది ఊసే లేదు. చైనా భాషలోని జీవక కథలో మాత్రం అతడు సూదుల సంచి చేతపట్టుకునే పుట్టాడు! మహావైద్యుడంటే సూది ఉండితీరాలని అక్కడివాళ్లు అనుకున్నారు కాబోలు. దీన్ని పట్టుకుని ఆక్యుపంక్చర్ మనదేనని చెప్పుకోవడం చరిత్ర కాదు.

ఆ విద్య బెంగాల్‌కు వచ్చింది చాలా ఆలస్యంగా. 1938లో కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన వైద్య బృందంలో డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఒకరు. 1950ల చివర్లో ఆయన మళ్లీ వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి ప్రత్యేక చట్టమే చేసింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు రిటైరైన పెద్దలు ఎందరో. వాళ్లు అడగవలసింది ఒకటే: ఇది పనిచేస్తుందా? చైనాలో 15 ఆసుపత్రుల్లో 1,075 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. బొడ్డుకు ఇరుపక్కలా, మరికొన్ని చోట్లా సూదులు గుచ్చి స్వల్పంగా విద్యుత్తు పంపారు. ఎనిమిది వారాల చికిత్సలో నూటికి 31 మందికి వారానికి కనీసం మూడుసార్లు తృప్తిగా విరేచనమైంది. ఉత్తుత్తి సూదులు పెట్టినవారిలో 12 మందికే అయింది. మేలు ఉంది, అందరికీ కాదు.

మాక్సా అంటే మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, కాల్చి వేడి తగిలించడం. దానికి ఇంత గట్టి ఆధారం ఇంకా లేదు. పైగా చక్కెర వ్యాధితో చర్మం మొద్దుబారిన వృద్ధులకు కాలినా తెలియదు. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా సూదికంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి.