బిల్లులో కేవీఏహెచ్ యూనిట్లా? ఏపీఎఫ్‌సీ ప్యానెల్ సెట్టింగ్స్ ఓసారి చూసుకోండి

జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న యూనిట్ నడుపుతున్నారా? కరెంటు బిల్లులో కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ అని రెండు రీడింగులు ఉంటే ఛార్జీ దేనిపై వేశారో చూడండి. హెచ్‌టీ కనెక్షన్లకైతే మన రెండు రాష్ట్రాల్లోనూ లెక్క కేవీఏహెచ్‌లోనే.

మోటార్లు, వెల్డింగ్ మిషన్లు చేసే పనికి కావాల్సిన కరెంటుతో పాటు, అయస్కాంత క్షేత్రం కోసం మరికొంత లాక్కుంటాయి. అదీ కేవీఏహెచ్‌లో చేరుతుంది. మొదటి రీడింగును రెండోదానితో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. నెలకు 10,000 కేడబ్ల్యూహెచ్ వాడే యూనిట్‌కు అది 0.80 ఉంటే బిల్లు 12,500 యూనిట్లకు వస్తుంది. 0.98కి తెస్తే దాదాపు 10,200కే. ఒక్క మిషన్ కూడా ఆపక్కర్లేదు.

ఆ పని చేసేది ఏపీఎఫ్‌సీ ప్యానెల్. అందులోని కంట్రోలర్ లోడును బట్టి కెపాసిటర్లను స్టెప్పులవారీగా ఆన్, ఆఫ్ చేస్తుంది. 50 కిలోవాట్ల లోడుకు 0.80 నుంచి 0.98కి రావాలంటే 27-28 కేవీఏఆర్ కావాలి.

ప్యానెల్ పెట్టినా బిల్లు తగ్గలేదా? ముందు సీటీ ఎక్కడ బిగించారో అడగండి. అది మెయిన్ ఇన్‌కమర్‌పై, కెపాసిటర్ లైను విడిపోయే చోటుకు ముందే ఉండాలి. తర్వాత ఉంటే కెపాసిటర్లు ఆన్ అయిన సంగతే కంట్రోలర్‌కు తెలియదు, స్టెప్పులు కలుపుతూనే పోతుంది. సీటీ వైర్లు తారుమారైనా, మాన్యువల్‌లో చెప్పిన ఫేజ్‌పై కాక మరోదానిపై ఉన్నా డిస్‌ప్లేలో తప్పుడు అంకె కనిపిస్తుంది.

ఇక సెట్టింగ్స్. సీటీ రేషియో దానిపై రాసి ఉన్నదే ఇవ్వాలి. 200/5 అయితే 200/5. టార్గెట్‌ను 0.98 లేదా 0.99 ల్యాగ్ దగ్గర ఉంచండి. 1.00 పెట్టాలనిపిస్తుంది కానీ, లోడు తగ్గిన రాత్రివేళ లీడింగ్‌లోకి పోయే ప్రమాదముంది. కొన్ని మీటర్లు లీడ్‌నూ లెక్కలో వేస్తాయి. ఆఫ్ అయిన కెపాసిటర్ చార్జ్ దిగకముందే మళ్లీ ఆన్ కాకూడదు కాబట్టి రీకనెక్షన్ టైమును కంపెనీ చెప్పినదానికంటే తగ్గించొద్దు. వీఎఫ్‌డీ డ్రైవ్‌లు ఎక్కువగా ఉన్నచోట మామూలు కెపాసిటర్లు హార్మోనిక్స్‌కు వేడెక్కి ఉబ్బిపోతాయి. రియాక్టర్ ఉన్నవే తీసుకోండి.

ప్యానెల్ తలుపు మీరు తెరవొద్దు. స్విచ్ ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. లోడు నడుస్తుండగా సీటీ వైరు ఊడదీస్తే ప్రాణాంతక వోల్టేజీ పుడుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

మీరు చేయాల్సింది నెలనెలా బిల్లులోని ఆ రెండు రీడింగులను భాగించి చూడటం. 0.98 ఉన్నది ఒక్కసారిగా 0.90కి పడిపోతే, ఏదో స్టెప్పులో ఫ్యూజో, కాంటాక్టరో, కెపాసిటరో పోయిందేమో చూపించండి.