రెజినాల్డ్ పోల్ (1500–1558)

రెజినాల్డ్ పోల్ ట్యూడర్ల కాలంలో ఇంగ్లండు సింహాసనానికీ రోము పీఠానికీ మధ్య నలిగిన కార్డినల్, కాంటర్‌బరీకి చివరి కాథలిక్ ఆర్చిబిషప్. పోపుకు సలహాదారులుగా ఉంటూ కొత్త పోపును ఎన్నుకునే హక్కు గల ఉన్నత మతాధికారులను కార్డినళ్లంటారు. పోల్ జీవితాన్ని పదవి కన్నా పుట్టుకే ఎక్కువగా శాసించింది. అతని తల్లి, సాలిస్‌బరీ కౌంటెస్ మార్గరెట్, నాలుగవ ఎడ్వర్డ్ రాజుకు స్వయానా తమ్ముడి కూతురు. 1485లో ట్యూడర్లు గద్దె దించిన ప్లాంటాజెనెట్ వంశపు రక్తం అలా సంక్రమించడం వల్ల పోల్‌ను ప్రతి రాజూ ఆదరించవలసిన బంధువుగానూ, ఓ కంట కనిపెట్టవలసిన పోటీదారుగానూ చూశాడు.

ఎనిమిదవ హెన్రీ మొదట ఆదరించాడు. పోల్ ఆక్స్‌ఫర్డులోను, 1521 నుంచి ఇటలీలోని పాదువాలోను చదివింది రాజు సొమ్ముతోనే. రాణి కాథరిన్‌తో వివాహాన్ని రద్దు చేయించుకుని ఆన్ బొలీన్‌ను పెళ్లాడాలని హెన్రీ పూనుకున్నప్పుడు, పారిస్ విశ్వవిద్యాలయ పండితుల అనుకూలాభిప్రాయం రాబట్టే పనిలో పోల్ కూడా పాలుపంచుకున్నాడు. అయితే యార్క్ ఆర్చిబిషప్ పదవి ఆశ చూపినా రద్దును సమర్థించలేక, 1532లో మళ్లీ ఇటలీకి వెళ్లిపోయాడు. తనను ఇంగ్లండు చర్చికి అధిపతిగా ప్రకటించుకున్న హెన్రీ ఈ విషయంలో అభిప్రాయం అడిగితే, 1536లో చర్చి ఐక్యతను సమర్థిస్తూ, రాజును తీవ్రంగా ఖండిస్తూ పెద్ద గ్రంథమే రాసి పంపాడు. అదే ఏడాది చివర మూడవ పాల్ పోపు అతన్ని కార్డినల్‌ను చేశాడు.

రాజు కోపం ఇంగ్లండులో మిగిలిన కుటుంబం మీద పడింది. అన్న మాంటెగ్యూ ప్రభువును 1539లోను, అరవై ఏళ్లు దాటిన తల్లిని 1541 మే 27న లండన్ టవర్‌లోను శిరచ్ఛేదం చేయించాడు. కొడుకు గ్రంథానికి తల్లి వేరే దేశంలో వెల చెల్లించిందనడం అతిశయోక్తి కాదు.

పోల్ 1545లో కాథలిక్ చర్చి ట్రెంట్‌లో జరిపిన మతసభకు పోపు తరఫున అధ్యక్షత వహించిన ముగ్గురు ప్రతినిధుల్లో ఒకడు. 1549లో మొదలైన పోపు ఎన్నికలో ఒకటి రెండు ఓట్ల దూరంలో ఆగిపోయాడు. విశ్వాసం ద్వారానే మోక్షమన్న ప్రొటెస్టెంటు సిద్ధాంతానికి దగ్గరగా మసలాడన్న అనుమానం అప్పటికే అతన్ని వెన్నాడుతోంది.

1553లో కాథరిన్ కూతురు మేరీ రాణి కావడంతో, పోపు తరఫున సర్వాధికారాలతో వెళ్లే ప్రతినిధిగా, అంటే లెగేట్‌గా, పోల్ నియమితుడయ్యాడు. కాని తన కొడుకు ఫిలిప్‌తో మేరీ పెళ్లి జరిగేదాకా అయిదవ చార్లెస్ చక్రవర్తి అతన్ని దారిలోనే నిలిపేశాడు. ఎట్టకేలకు 1554 నవంబరు 30న పార్లమెంటు ఎదుట పోల్ పాపవిమోచన ప్రకటించి దేశాన్ని తిరిగి రోముతో కలిపాడు. అప్పటికి కేవలం డీకన్, అంటే గురుపట్టాభిషేకానికి ముందరి మెట్టులో ఉన్న అతను 1556 మార్చిలో గురువై, ప్రొటెస్టెంటు ఆర్చిబిషప్ క్రాన్మర్‌ను సజీవ దహనం చేసిన మర్నాడే ఆర్చిబిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. మేరీ పాలనలో మతద్రోహ నేరం మోపి సుమారు 280 మందిని దహనం చేశారు. ఇందులో పోల్ పాత్ర ఎంతన్నది వివాదాస్పదమే అయినా, దేశపు ప్రధాన మతాధికారిగా అతన్ని బాధ్యత నుంచి పూర్తిగా తప్పించలేం.

విచిత్రంగా, చివరి దెబ్బ రోము నుంచే తగిలింది. మేరీ భర్త ఫిలిప్ ఏలే స్పెయిన్‌కు బద్ధశత్రువైన నాలుగవ పాల్ పోపు 1557లో అతని లెగేట్ అధికారాన్ని రద్దు చేసి, మతద్రోహ విచారణకు రమ్మన్నాడు. మేరీ పంపడానికి ఒప్పుకోలేదు. 1558 నవంబరు 17న మేరీ మరణించిన కొన్ని గంటలకే జబ్బుతో ఉన్న పోల్ కూడా లాంబెత్‌లో కన్నుమూశాడు. మేరీ తర్వాత రాణి అయిన ఎలిజబెత్ తొలి పార్లమెంటు 1559లో రోముతో బంధం తెంచింది. కాంటర్‌బరీ పీఠం ఒకప్పుడు ఆన్ బొలీన్ వద్ద ఆస్థాన గురువుగా ఉన్న మాథ్యూ పార్కర్‌కు దక్కింది.