పెత్రమాస ముందరి సున్నం

ఇంగ్లండులో ఇల్లు దులిపేది వసంతంలో. చలికాలమంతా తలుపులు బిగించుకుని బొగ్గుతో గది కాచుకున్నవాళ్లకు గోడల నిండా మసి పట్టేది. ఎండ ముఖం చూడగానే కిటికీలు తెరిచి కడిగేవారు. ఇరాన్‌లో నౌరోజుకు ముందు తివాచీలన్నీ వాకిట్లోకి వస్తాయి. తెలంగాణలోని చెన్నూరులోనూ ఉగాదికి బూజు దులుపుతారు, గడపకు పసుపు రాస్తారు. అసలు పని మాత్రం ఆరు నెలల తర్వాత, భాద్రపద అమావాస్య దగ్గర పడినప్పుడు మొదలవుతుంది. తెలంగాణలో ఆ రోజును పెత్రమాస అంటారు. పెద్దల పేరున బియ్యం ఇచ్చే రోజు అదే, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ ఆడే రోజూ అదే.

ఆ తేదీ వెనక భక్తి ఎంత ఉందో వాన కూడా అంతే ఉంది. చెన్నూరు గోదావరి ఒడ్డు ఊరు. నది ఇక్కడ కొంతమేర ఉత్తరానికి తిరిగి పారుతుంది కాబట్టి అగస్త్యేశ్వరుడి గుడికి వచ్చేవారు ఉత్తరవాహిని స్నానం చేస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టిందంటే మట్టిగోడ అడుగు నాని పెచ్చులూడుతుంది. తడికట్టెల పొగకు వంట అర్ర నల్లబడుతుంది. బొంతలకు ముక్కవాసన వస్తుంది, గుమ్మి అడుగున పురుగు చేరుతుంది. వాన వెనుకబట్టి, పత్తి ఏరుడు ఇంకా మొదలుకాని ఆ కొద్దిరోజుల్లోనే చేతులకు కాస్త తీరిక.

మరి ఎండాకాలంలో? అప్పుడు కప్పు వంతు. ఉగాది దాటి మృగశిర కార్తె వచ్చేలోపు గూనపెంకలు దించి, పగిలినవి తీసి, కోతులు కదిపినవి సర్దేవారు. ఎండాకాలంలో కప్పు, వానలు వెనుకబట్టాక గోడ అన్నమాట. ఏడాదిలో రెండుసార్లు సాగే ఈ శుభ్రత, మట్టి ఇల్లు నిలబడాలంటే తప్పని మరమ్మతు. పండుగ పేరు చెప్పి దాన్ని వాయిదా పడకుండా కాపాడుకున్నారు. ఇంత తెలివైన ఏర్పాటును ఆచారం అని ఒక్కమాటతో తీసెయ్యకూడదు.

పనికి ఒక వరుస ఉండేది. ముందు అటుక మీది సామాను వాకిట్లోకి వచ్చేది. పొడుగు కర్రకు పొరక కట్టి పైనుంచి కిందికి బూజు దులిపేవారు. ఊడినచోట మట్టి మెత్తి, ఆరాక సున్నం పూసేవారు. ఇత్తడి బిందెలను చింతపండు, బూడిదతో తోమేవారు. నేలను పేడతో అలకడం చివరి పని. వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేస్తే ఇల్లు పండుగకు సిద్ధమైనట్టే.

వీటన్నిటిలో సున్నం పని నేర్పుతో కూడింది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మిగిలిన గడ్డల మీద నీళ్లు పోస్తే గోలెంలో కుతకుతమని ఉడుకుతుంది. అందుకే పిల్లలను దగ్గరికి రానివ్వరు, కంట పడితే చూపుకే ప్రమాదం. రాత్రంతా నానబెట్టి, బట్టలో వడగట్టి, గోడను పట్టి ఉండేందుకు తుమ్మబంక, తెల్లగా మెరిసేందుకు చిటికెడు నీలం కలుపుతారు. గోడను ముందు నీళ్లతో తడిపి, పల్చగా ఒక పూత వేసి, ఆరాక రెండోది వేస్తారు. చిక్కగా ఒకేసారి పూస్తే పొడిగా రాలుతుంది. పూసిన సున్నం గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. దాని క్షారగుణానికి బూజు, క్రిములు నిలవవు. కింద మోకాలెత్తున జాజు పట్టీ వేస్తే వానచినుకుల మట్టిమరకలు కనపడవు.

ఇదంతా ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకున్న పని. దొరల గడుల్లో ఎవరు చేశారు? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చాలాచోట్ల గడి బట్టలు, బొంతలు ఉతికింది, అంట్లు తోమింది, వాకిళ్లు ఊడ్చింది వెట్టి కుటుంబాలే. కుండలు, గోలేలు కుమ్మరి ఊరికే ఇచ్చుకోవాలి. తమ ఇంటి గోడ పెచ్చులూడుతున్నా ముందు గడి మెరవాలి. గోదావరికి అవతల జగిత్యాలలో 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ పోరాటంలో చాకలి, మంగలి దొరల ఇళ్లకు పని మానేయడం పెద్ద ఆయుధమైంది. అక్టోబరు 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రెంటి నడుమే ఆ ఏటి పెత్రమాస, దసరా వచ్చాయి. ఇంటి శుభ్రత చరిత్ర రాసేవారెవరైనా ఆ ఏటి పండుగను దాటిపోకూడదు.

మందమర్రి, రామకృష్ణాపూర్ వైపు కథ వేరు. బొగ్గుబావుల దుమ్ము ఏ రుతువునూ చూడదు. సింగరేణి క్వార్టర్లలో చాలాకాలం వంటకూ బొగ్గే వాడారు కాబట్టి లోపల మసి, బయట ధూళి. అక్కడి ఆడవాళ్లకు పెత్రమాస దాకా ఆగే వీలే లేకపోయింది. 1950ల చివర మంచిర్యాలలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు బట్టీలో కాలి గోడల మీద పూతైన సున్నపురాయి, ఇప్పుడు గోడే అయింది. స్లాబు పడ్డాక పెంకలు తిప్పే పని పోయింది, బండలు పరిచాక అలుకు పోయింది.

దసరాకు రంగులు వేయించడం మాత్రం పోలేదు. పాత సున్నం మీద నేరుగా ఎమల్షన్ వేస్తే పొరలుగా లేస్తుంది, కాబట్టి పెయింటరు ముందు దాన్ని గీకాలి. గీకుతుంటే కిందినుంచి నీలం కలిసిన తెలుపు, జాజు, మళ్లీ తెలుపు బయటపడతాయి. ఆ పూతలు వేసిన అవ్వలు కొందరు ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నారు. ఎంత సున్నానికి ఎంత బంక, జాజు ఏ గుట్ట నుంచి తెచ్చేవారు, బట్టీ ఎక్కడుండేది, కూలి ఎంత ఇచ్చారు, అసలు ఇచ్చారా అన్నది వాళ్లను అడిగి ఈ దసరాకే రాసిపెట్టాలి.