ఎవరికి ఇచ్చారు, దేనికి ఇచ్చారు: ఇంటి లెక్కల్లో రెండు ప్రశ్నలు

ఇంటి జమాఖర్చులు రాసేవారు తరచూ రెండు విషయాలను కలిపేస్తుంటారు: డబ్బు ఎవరికి వెళ్లింది, దేనికి వెళ్లింది. మొదటిది గ్రహీత పేరు, రెండోది పద్దు. వీటిని విడిగా ఉంచితేనే ఏడాది చివర లెక్క తేలుతుంది.

సొంతూరు వదిలి వేరే రాష్ట్రంలో కాపురం పెట్టినవారికి ఈ తేడా మరీ ముఖ్యం. కోల్‌కతా పక్కనున్న న్యూ టౌన్‌లో ఐటీ ఉద్యోగం చేసే తెలుగువారి ఖర్చు రెండు చోట్ల సాగుతుంది. న్యూ టౌన్‌లో ఇంటి ఖర్చు, సొంతూళ్లో తల్లిదండ్రుల మందులు. న్యూ టౌన్ కోల్‌కతా నగరపాలక సంస్థ పరిధిలోకి రాదు. 2007 నాటి చట్టంతో ఏర్పడిన న్యూ టౌన్ కోల్‌కతా అభివృద్ధి సంస్థకే అక్కడి ఫ్లాట్ల యజమానులు ఆస్తి పన్ను కట్టాలి. వారికి సొంతూళ్లో కూడా ఇల్లుంటే అక్కడి పంచాయతీయో, మున్సిపాలిటీయో మరో గ్రహీత. గ్రహీతలు ఇద్దరైనా పద్దు ఒక్కటే: ఆస్తి పన్ను.

ఇందుకు విరుద్ధంగా ఒకే గ్రహీతకు పలు పద్దులూ ఉంటాయి. ఇంటి యజమానికి ఇచ్చే నెల అద్దె ఖర్చు. చేరేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు కాదు, తిరిగి రావాల్సిన డబ్బు. దాన్ని అద్దె పద్దులో కలిపితే ఖాళీ చేసే రోజు ఎంత రావాలో పుస్తకం చెప్పదు. పాత పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యంపై మినహాయింపు కోరేవారికి అద్దె మొత్తం కూడా తప్పుగా కనిపిస్తుంది.

పేర్లతో మరో చిక్కుంది. యూపీఐ 2016లో వచ్చాక కూరగాయల బండి దగ్గరి చెల్లింపు కూడా బ్యాంకు స్టేట్‌మెంటుకు ఎక్కుతోంది. అయితే దుకాణం బోర్డు మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో యజమాని పేరు ఉండొచ్చు. అందుకే ప్రతి గ్రహీతకు పుస్తకంలో ఒకే పేరు ఖాయం చేసి, స్టేట్‌మెంటులో కనిపించే పేర్లను దానికి జతచేయాలి. కేమైమనీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వెసులుబాటు ఉంది.

పద్దులన్నీ అయిదు తెగల్లో ఇమిడిపోతాయి: ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చు, మూలధనం. సొంత ఖాతాల మధ్య మార్చిన డబ్బు ఖర్చు కాదు. క్రెడిట్ కార్డుతో కొన్నప్పుడే ఖర్చు రాసేస్తే, తర్వాత కట్టే బిల్లు అప్పు తీర్చడమే. దాన్నీ ఖర్చుగా రాస్తే లెక్క రెండింతలవుతుంది. తల్లిదండ్రులకు పంపింది కుటుంబ ఖర్చు. తమ్ముడికి అప్పుగా ఇచ్చింది మాత్రం రావాల్సిన బాకీ, అంటే ఆస్తి. ఈ గీత ముందే గీసుకుంటే తర్వాత మాట పట్టింపులు రావు.

తెలుగు వాణిజ్య పాఠాల్లోని చిట్టా, ఆవర్జా, అంకణా చెప్పేదీ ఈ క్రమమే. ఏ రోజుకారోజు చిట్టాలో రాయాలి, ఆవర్జాలో పద్దుల వారీగా సర్దాలి, అంకణాతో సరిచూడాలి. బెంగాలీ వ్యాపారులు ఏప్రిల్ మధ్యలో వచ్చే తమ కొత్త సంవత్సరాదికి ‘హాల్‌ఖాతా’ పేరుతో కొత్త పుస్తకం తెరుస్తారు. జీతగాళ్లకు ఏప్రిల్ 1 అనువైన రోజు. ఆ రోజు వాడని పద్దులను మూసేయాలి, రెండు పేర్లతో ఉన్న గ్రహీతలను ఒకటి చేయాలి, రావాల్సిన బాకీలను మాత్రం కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి.